ముందు తల, తర్వాత జుట్టు

శీర్షిక: మన ఇల్లు – మన ఆరోగ్యం



నిప్పంటే ఏమిటో అహ్మదికి ఒకరు చెప్పనక్కర్లేదు. 1946లో కువైట్ చమురు మొదటిసారి ఓడకెక్కిన రోజుల్లో, అప్పటి పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబర్ అల్ సబా పేరు మీద వెలిసిన ఊరు ఇది. 1991 ఫిబ్రవరిలో, యుద్ధం ముగిసే వేళ, ఈ దేశంలో 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టారు. మన పక్కనే ఉన్న బుర్గాన్ బావులు నెలల తరబడి మండాయి. పట్టపగలే చీకటి కమ్మిన రోజులవి. ఆఖరి బావి మంటను ఆర్పింది 1991 నవంబర్ 6న. పాత పంచాంగం తిరగేసి చూడండి, ఆ రోజు అమావాస్య. ఆ ఏడు దీపావళి రోజులు కూడా అవే! దేశంలో మనవాళ్ళు దీపాలు వెలిగించుకుంటున్న రోజుల్లోనే ఇక్కడ ఆఖరి మంట చల్లారిందన్నమాట.

అయితే ఈసారి నేను చెప్పబోయేది అంత పెద్ద నిప్పు గురించి కాదు. ప్రమిద దగ్గర వంగినప్పుడు చుర్రుమని జడ కొసను ముట్టుకుని పోయే చిన్న నిప్పు గురించి. ఆ కమురు వాసన తెలియని ఇల్లు మనలో ఉండదు. దానితో పాటు ఇంకో సంగతి కూడా చెబుతాను. ఈ మధ్య ఈ శీర్షికకు తల్లులు తరచుగా పంపే ప్రశ్న ఒకటుంది: "మా అమ్మాయి నల్లజుట్టును గోధుమరంగు చేసుకుంటానంటోంది. ఫర్వాలేదా?" కాలిన జుట్టుకూ, రంగు తీసిన జుట్టుకూ సంబంధం ఏమిటంటారా? చాలా ఉంది. ఒకటి నిప్పు చేసే పని, రెండోది మందు చేసే పని. వెంట్రుకకు రెండూ దాదాపు ఒక్కటే.

నిప్పు ఎక్కడ పొంచి ఉంటుంది?

ఇక్కడ మన దీపావళి ఎక్కువగా దీపాలతోనే గడుస్తుంది. టపాకాయల భయం లేదు కదా అని మనం కొంచెం ఏమరుపాటుగా ఉంటాం. కింద వరసగా ప్రమిదలు, పైన వేలాడే జడలు, ఓణీలు. తలంటు పోసుకుని ఆరడానికి వదిలేసిన జుట్టు మరీ ప్రమాదం. హారతి పళ్ళెం కళ్ళకద్దుకునేటప్పుడు ముందుకు పడే ముంగురులు, పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులు ఊదే పిల్లల జుట్టు, ఇవన్నీ ఒక కోవలోవే.

ఈ దేశంలో ఇంకో మూడు చోట్లు ఉన్నాయి. మొదటిది బుఖూర్. అరబ్బు ఇళ్ళల్లో బొగ్గు మీద సుగంధపు చెక్క వేసి, ఆ పొగను బట్టలకీ, జుట్టుకీ పట్టిస్తారు. మనవాళ్ళకీ ఆ ముచ్చట అబ్బింది. మన సాంబ్రాణి లాంటిదే కనుక తప్పేమీ లేదు. కానీ రాజుకున్న బొగ్గు మీదికి జుట్టు వంచకండి. పొగను చేత్తో జుట్టు వైపు తోలుకోవాలి. రెండోది గ్యాసు ఓవెన్. గ్యాసు తిప్పి, అగ్గిపుల్ల కోసం వెతికి, ఆ తర్వాత వంగి వెలిగిస్తే లోపల నిండిన గ్యాసు ఒక్కసారిగా భగ్గుమంటుంది. ముందు కనుబొమలు, ఆ తర్వాత ముంగురులు పోతాయి. ముందు పుల్ల వెలిగించి, అప్పుడు గ్యాసు తిప్పాలి. మూడోది చలికాలంలో ఎడారి గుడారాలు. బొగ్గుల కుంపటి చుట్టూ కూర్చుంటాం, గాలి ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. మగవాళ్ళ గడ్డాలూ మీసాలూ కమిలేది అక్కడే.

ఇంకొక మాట. నిప్పు దగ్గరికి వెళ్ళే ముందు జుట్టుకి స్ప్రే కొట్టకండి. చాలా స్ప్రేలలోనూ, సెంట్లలోనూ సారాయి గుణం గల ద్రవం ఉంటుంది. అది ఇట్టే అంటుకుంటుంది. సవరం, జడకుచ్చులు నైలాను రకం అయితే మరీ జాగ్రత్త. అసలు వెంట్రుక కాలితే పొడి పొడిగా రాలిపోతుంది. నైలాను అలా కాదు, కరిగి ముద్దై చర్మానికి అంటుకుంటుంది.

మొదటి అర నిమిషం

వెంట్రుకకు నొప్పి తెలియదు. అందుకే జడ అంటుకున్న మనిషికి ఆ సంగతి అందరికన్నా ఆలస్యంగా తెలుస్తుంది. 1984 జనవరి 27న లాస్ ఏంజిలిస్‌లో ఒక కూల్ డ్రింకు ప్రకటన తీస్తుండగా బాణసంచా నిప్పురవ్వలు పడి గాయకుడు మైకేల్ జాక్సన్ జుట్టు అంటుకుంది. ఆయన కొన్ని క్షణాలు అలాగే నృత్యం చేస్తూ మెట్లు దిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆర్పారు. అప్పటికే నెత్తి మీద చర్మం కాలింది. కాబట్టి దీపాల దగ్గర పక్కవాళ్ళ జడ మీద కూడా ఒక కన్ను వేసి ఉంచండి.

అంటుకుంటే పరుగెత్తనివ్వకండి. పరుగు గాలిని తెస్తుంది, గాలి మంటను పెంచుతుంది. మనిషిని నిప్పుకు దూరంగా లాగి, చేతికందిన తడి తువ్వాలుతో నెత్తిని కప్పి గట్టిగా అదమండి. తడి గుడ్డ లేకపోతే పొడి నూలు తువ్వాలైనా సరే. కొంగుతో కొట్టకండి, కొంగే అంటుకుంటుంది. దీపాలు పెట్టే చోట ఒక బక్కెట్టు నీళ్ళు, ఒక తడి తువ్వాలు ముందే పెట్టుకోవడం మేలు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ముందు తల చూడండి

మంట ఆరగానే మనం చేసే మొదటి పని ఏమిటి? "అయ్యో, జుట్టు!" అంటాం. అద్దం ముందుకి పరుగెడతాం. అక్కడే ఆగండి. జుట్టు సంగతి రేపు చూసుకోవచ్చు. ఇప్పుడు చూడవలసింది చర్మం, కళ్ళు, ఊపిరి.

పాయలు పాయలుగా విడదీసి నెత్తి మీద చర్మం చూడండి. చెవుల వెనక, మెడ మీద, నుదుటి అంచున చూడండి. ఎర్రబడినా, మండుతున్నా చల్లని నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. రెండు నిమిషాలు కాదు, గడియారం చూసి 20 నిమిషాలు. ఐసు ముక్కలు పెట్టకూడదు, అవి కాలిన చర్మాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. జడపిన్నులు, క్లిప్పులు, చెవిదిద్దులు వెంటనే తీసెయ్యండి. లోహం వేడిని పట్టి ఉంచుతుంది, పైగా వాపు వచ్చాక దిద్దులు రావు.

ఇక్కడ ఒక చిక్కుంది. కువైట్ వేసవిలో మేడ మీద ట్యాంకు నీళ్ళు మరుగుతూ వస్తాయి. కుళాయి తిప్పితే కాలిన చోట మళ్ళీ కాలుతుంది. ఇక్కడ పాతకాపులు వేసవిలో ఏం చేస్తారో మీకు తెలుసు కదా. గీజరు కట్టేసి, వేడినీళ్ళ కుళాయినే చన్నీళ్ళకు వాడతారు. ఆ చిట్కా ఇప్పుడు పనికొస్తుంది. అదీ లేకపోతే తాగే నీళ్ళ సీసాలు ఒకదాని తర్వాత ఒకటి పొయ్యండి.

మనవాళ్ళకి కాలిన చోట ఏదో ఒకటి పూస్తే గాని మనసు ఊరుకోదు. పసుపు, సిరా, టూత్‌పేస్టు, నెయ్యి, కోడిగుడ్డు తెల్లసొన, ఏదీ వద్దు. అవి వేడిని లోపలే బంధిస్తాయి, లేదా పుండుకు చీము పట్టిస్తాయి. డాక్టరుకు గాయం సరిగ్గా కనబడకుండా చేస్తాయి. చల్లారాక శుభ్రమైన పొడి గుడ్డ వదులుగా కప్పితే చాలు.

బొబ్బలు లేచినా, ముఖం మీద కాలినా, కన్ను ఎర్రబడినా, కాలిన చోటు అరచేయంత ఉన్నా ఆసుపత్రికి వెళ్ళండి. చర్మం చిట్లితే ధనుర్వాతం ఇంజక్షను సంగతి అడగండి. అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు ఒకటి చెబుతాను, దయచేసి గుర్తుపెట్టుకోండి. ముక్కు లోపలి వెంట్రుకలు కమిలి ఉన్నాయా? దగ్గు వస్తోందా, గొంతు బొంగురు పోయిందా, ఉమ్మిలో మసి కనిపిస్తోందా? అలా ఉంటే వేడిగాలి ఊపిరి దారిలోకి వెళ్ళి ఉండవచ్చు. మనిషి బాగానే మాట్లాడుతున్నా, తర్వాత గొంతు వాచి ఊపిరాడకుండా పోవచ్చు. క్షణం ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చెయ్యండి.

ఇంకొక విన్నపం. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి ఇళ్ళల్లో వంటపని చేసే మన అక్కచెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. రోజంతా పొయ్యి దగ్గర ఉండేది వాళ్ళే. జుట్టు కమిలితే కొప్పులో దాచుకుంటారు, నెత్తి కాలితే గుడ్డ కప్పుకుంటారు. చెబితే ఏమంటారో అన్న భయం, జీతం కోస్తారేమోనన్న దిగులు. వాళ్ళు మీకు పండుగ రోజు కలిసినప్పుడు ఈ నాలుగు మాటలూ చెవిన వెయ్యండి. "ఏమైందమ్మా నుదుటి దగ్గర?" అని అడగండి. అడిగేవాళ్ళు ఉన్నారని తెలిస్తేనే దాచుకునే వాళ్ళు చెబుతారు.

ఇక జుట్టు సంగతి

చర్మం క్షేమం అని తేలాక అప్పుడు జుట్టు. వెంట్రుక ఒక రకమైన మాంసకృత్తు, కెరటిన్ అంటారు. గోళ్ళలో ఉండేదీ అదే. అందులో గంధకం ఉంటుంది, ఆ కమురు కంపంతా దానిదే. వెంట్రుక పైన పెంకుటింటి మీద పెంకుల్లాగా సన్నని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. నిప్పు తగిలితే ఆ పెంకులు లేచిపోతాయి, కొస ముడుచుకుపోయి ఆవగింజలా గట్టిపడుతుంది.

మనం చూసే జుట్టు జీవం లేనిది. జీవమున్నది చర్మం కింద కుదురులోనే. అందుచేత కాలిన భాగం మళ్ళీ బాగుపడదు. ఎంత ఖరీదైన క్రీము పూసినా అది లేచిన పెంకులను తాత్కాలికంగా అతికి నున్నగా కనిపించేట్టు చేస్తుందే తప్ప కాలినదాన్ని అతకదు. "కాలిన జుట్టును తిరిగి బతికిస్తుంది" అని సీసా మీద రాసి ఉంటే ఆ సీసా కొనకండి.

చెయ్యవలసినది ఇంతే:

1. పొడి జుట్టును దువ్వెనతో లాగవద్దు. పెళుసైన వెంట్రుక కాలిన చోట కాక పైన తెగుతుంది. ముందు వేళ్ళతో నలిపి, రాలేవి రాలనివ్వండి.

2. చర్మం బాగుంటే గోరువెచ్చని నీళ్ళతో, తేలికపాటి షాంపూతో కడిగి, కండిషనర్ పెట్టండి. కుంకుడుకాయ, సీకాయ కొన్నాళ్ళు ఆపండి. అవి జిడ్డునంతా లాగేస్తాయి, ఎండిన జుట్టు ఇంకా ఎండుతుంది. వాసన పోకపోతే మర్నాడు మళ్ళీ కడగండి. అప్పటికీ ఉంటే ఆ వాసన కొసల్లో ఉంది, కత్తెరతోనే పోతుంది.

3. తడి జుట్టును వెడల్పు పళ్ళ దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీయండి. ఆరాక చిన్న చిన్న పాయలుగా తీసి, మెలిపెట్టండి. మెలికలోంచి పైకి పొడుచుకొచ్చిన కాలిన కొసలను పదునైన కత్తెరతో, కాలిన చోటికి అర సెంటీమీటరు పైకి కత్తిరించండి. కూరగాయల కత్తెరతో వద్దు, మొద్దు కత్తెర కొసను చిట్లగొడుతుంది. నిడివి మొత్తం తీసెయ్యనక్కర్లేదు.

4. నాలుగైదు వారాలు హెయిర్ డ్రయ్యరు, జుట్టు తిన్నగా చేసే ఇస్త్రీ యంత్రం జోలికి పోవద్దు. ఆ యంత్రాలు 200 డిగ్రీల వరకూ వేడెక్కుతాయి. తడి జుట్టు మీద పెడితే వెంట్రుకలోని నీరు మరిగి లోపలే బుడగలు లేస్తాయి, అక్కడే తెగిపోతుంది.

5. చర్మం పూర్తిగా మానాక కొబ్బరినూనె రాసుకోండి. తలస్నానానికి ముందు రాసిన కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి మాంసకృత్తు నష్టాన్ని తగ్గిస్తుందని మన దేశపు పరిశోధకులు 2003లో ప్రకటించారు. మన అమ్మమ్మలు శనివారం శనివారం చేసిన పనే అది.

కనుబొమలు కమిలితే పీకకండి, గొరగకండి. రెండు మూడు నెలల్లో అవే వస్తాయి. కనురెప్పల వెంట్రుకలు కమిలితే కాటుక, మస్కారా ఆపండి, ఆముదం కంట్లో పడేలా రాయకండి.

పిల్లలకు కొంచెం జుట్టు కత్తిరించినా లోకం మునిగినట్టు ఉంటుంది. వాళ్ళను కసరకండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుందని లెక్క చెప్పండి. మనందరి పుట్టువెంట్రుకలూ ఏదో ఒక గుడిలో తీసినవే. తిరుమలలో తలనీలాలు ఇచ్చి, గుండు మీద గంధం పూసుకుని ఫొటో దిగిన వాళ్ళం మనం. కుదురు బాగుంటే జుట్టు రాక మానదు. కుదురు కాలిపోతే మటుకు అక్కడ జుట్టు మొలవదు. ముందు తల చూడమన్నది అందుకే.

నల్లజుట్టు రంగు తీయడం

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. జుట్టు నలుపు మెలనిన్ అనే వర్ణకం వల్ల వస్తుంది. అది పెంకుల కింద, వెంట్రుక లోపల ఉంటుంది. దాన్ని తీయాలంటే ముందు పెంకులు లేపాలి. ఆ పని అమ్మోనియా వంటి క్షారం చేస్తుంది. తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడు లోపలికి వెళ్ళి వర్ణకాన్ని విరగ్గొడుతుంది. ఈ పెరాక్సైడును 1818లో తెనార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనుక్కున్నాడు. 1867 పారిస్ ప్రదర్శనలో దానితో జుట్టు రంగు తీసి చూపించారు. అంటే ఇది కొత్త విద్యేమీ కాదు. చూడండి, నిప్పు చేసినట్టే ఇదీ పెంకులు లేపుతుంది. పద్ధతిగా చేస్తే కొంచెం లేపుతుంది, అడ్డదిడ్డంగా చేస్తే అంతా లేపుతుంది.

మన జుట్టు నల్లనిది, రంగు ఒక్కసారిగా బంగారంలా మారదు. ముందు ఎర్రటి గోధుమ, తర్వాత నారింజ, తర్వాత పసుపు. మధ్యలో నారింజ చూసి కంగారుపడి "ఇంకొంచెం సేపు" అని ఉంచేస్తారు. నెత్తి పుళ్ళు పడేది అక్కడే. తిరుమల తలనీలాలు విదేశాలకు వెళ్ళి సవరాలుగా మారతాయి కదా, మంచి తయారీదారులు వాటి నలుపును రోజుల తరబడి, కొంచెం కొంచెంగా తీస్తారు. తెంపి తెచ్చిన జుట్టుకే అంత ఓపిక పడితే, తల మీద ఉన్న జుట్టుకు ఎంత ఓపిక పట్టాలి?

పెరాక్సైడు బలాన్ని వాల్యూములలో చెబుతారు. 10 వాల్యూము అంటే 3 శాతం, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12. ఇంట్లో 20 దాటవద్దు. ఒకటి రెండు ఛాయలు తగ్గితే చాలనుకోండి. తలంతా కాకుండా, కుదుళ్ళకు దూరంగా నాలుగు పాయలు చేయించుకుంటే మందు చర్మానికి తగలదు, పెరిగేటప్పుడు కూడా అసహ్యంగా ఉండదు. తెలిసిన పార్లరు అయితే ఉత్తమం.

ఎవరు చేసినా ఈ జాగ్రత్తలు తప్పవు. 48 గంటల ముందు చెవి వెనకో, మోచేతి మడతలోనో కొంచెం రాసి చూడాలి. దురద, దద్దు వస్తే మానెయ్యాలి. మెడ వెనక ఒక పాయ మీద ముందు ప్రయత్నించి చూడాలి. ముందు రోజు తలంటుకోవద్దు, నెత్తి మీది సహజమైన జిడ్డే చర్మానికి కాపు. నెత్తి మీద గీతలు, పుళ్ళు ఉంటే వాయిదా వెయ్యండి. గ్లాసు, ప్లాస్టిక్ గిన్నెలే వాడండి, లోహపు గిన్నె వద్దు. కలిపిన మందును సీసాలో బిగించి దాచకండి, గ్యాసు పుట్టి సీసా పగులుతుంది. బాత్రూము తలుపు తెరిచి ఉంచండి. రంగు తీసే పొడిలోని పర్‌సల్ఫేట్లు ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆయాసం తెప్పిస్తాయి. పెట్టెలో ఎన్ని నిమిషాలని రాస్తే అన్నే. చురచురమంటే అంతకుముందే కడిగెయ్యండి. కంట్లో పడితే 20 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. కమిలిన జుట్టు మీద మాత్రం, కాలిన భాగం కత్తిరించేదాకా, ఈ పని అసలే వద్దు.

గోరింటాకు మెలిక

మనకూ, ఇక్కడి అరబ్బు సోదరీమణులకూ సంబంధించిన సంగతి ఇది. ఉత్త గోరింటాకు పొడి జుట్టును ఎర్రగా చేస్తుంది, అంతే. "నల్ల హెన్నా" అంటూ అమ్మేవాటిలో ఇంకేవో కలుస్తాయి. కొన్నింటిలో పి.పి.డి. అనే రసాయనం ఉంటుంది, అది కొందరికి ముఖం వాచేంత ఎలర్జీ తెస్తుంది. కొన్నింటిలో, ముఖ్యంగా మెల్లమెల్లగా తెల్లజుట్టును నలుపు చేసే కొన్ని నీళ్ళ రంగులలో, లోహ లవణాలు ఉంటాయి. అవి జుట్టులో ఉండిపోతాయి. వాటి మీద పెరాక్సైడు పడితే జుట్టు వేడెక్కుతుంది, పొగ కూడా లేవవచ్చు. అంటే అగ్గిపుల్ల లేకుండానే జుట్టు కమిలిపోతుంది! అందుకని రంగు తీయించుకునే ముందు గత రెండు మూడేళ్ళుగా ఏమేం రాశారో పార్లరులో దాచకుండా చెప్పండి. తెలియకపోతే రాలిన నాలుగు వెంట్రుకలు తీసుకెళ్ళి ముందు వాటి మీద పరీక్ష చేయమనండి.

వంటింటి చిట్కాలు కూడా అడుగుతున్నారు. తేనె, చామంతి నీళ్ళు మన నల్లజుట్టు మీద కంటికి ఆనేంత పని చెయ్యవు. నిమ్మరసం రాసుకుని ఎండలో కూర్చోవడం వద్దే వద్దు. నిమ్మరసం కారిన చర్మం మీద ఎండ పడితే బొబ్బలెక్కి నల్లమచ్చలు నెలల తరబడి ఉంటాయి. ఇది 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం అని మరవకండి. బాత్రూములు కడిగే క్లోరిన్ నీళ్ళు జుట్టుకి పూనుకుంటే జుట్టు కాదు, కళ్ళూ ఊపిరితిత్తులూ పోతాయి. ముఖానికి వాడే బ్లీచ్ క్రీము తలకు కాదు. కనుబొమలకు ఏ రకం బ్లీచూ ఇంట్లో వద్దు. డబ్బాలన్నీ చిన్నపిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచండి.

అమ్మాయిలతో ఒక మాట, అమ్మలతో ఒక మాట

ఒక సోదరి ఇంట్లో పన్నెండో తరగతి అమ్మాయి నన్నడిగింది: "ఆంటీ, మా అమ్మ జుట్టు రంగు అనగానే వద్దంటుంది. ఎందుకో చెప్పదు. నేను ఎవరికీ చెప్పకుండా చేసుకుంటే ఏమవుతుంది?" ఆ చివరి మాటే నన్ను ఈ వ్యాసం రాయించింది. తలుపు గడియ పెట్టుకుని, చెల్లెలి చేత పొడి కలిపించుకుని, ఫోనులో ఎవరో చెప్పినట్టు 40 వాల్యూము రాసుకుని, మండుతున్నా తిడతారని నోరు మూసుకునే పిల్ల గురించే నాకు భయం. నారింజ జుట్టు గురించి కాదు.

అమ్మలూ, వద్దనే హక్కు మీకుంది. ఎందుకు వద్దో చెప్పండి. ఐరోపాలో జుట్టు రంగుల పెట్టెల మీద 16 ఏళ్ళలోపు వారికి కాదని రాయాలి. మన పిల్లలు చదివే స్కూళ్ళలో చాలావాటిలో రంగు జుట్టు ఒప్పుకోరు. పదహారు దాటాక, పరీక్షలయ్యాక, నాలుగు పాయలు పార్లరులో చేయిద్దాం అంటే ఏ పిల్లా గడియ పెట్టుకోదు. అన్నిటికన్నా ముందు ఒక్క మాట ఇవ్వండి: "ఏదైనా మండితే, కాలితే వెంటనే నన్ను పిలు. తిట్లు తర్వాత, నీళ్ళు ముందు."

అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీకూ ఒక మాట. జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందని సామెత. జుట్టు మీది. కొప్పు మీ ఇష్టం. కానీ కుదురు కాపాడుకున్నవాళ్ళకే ఆ ఇష్టం మిగులుతుంది.

ఈ అమావాస్య సాయంత్రం దీపాలు పెట్టే ముందు జడలు ముడి వేసుకోండి, ఓణీలు నడుముకు చుట్టుకోండి, ప్రమిదల పక్కన బక్కెట్టు నీళ్ళు పెట్టండి. పిల్లలకు 112 కంఠతా పట్టించండి. ఈ పేజీ వంటింటి తలుపు మీద అంటించుకున్నా నాకు సంతోషమే.

మీ ప్రశ్నలు ఎప్పటిలాగే సంఘం కార్యదర్శి ద్వారా పంపండి. వచ్చే సంచికలో వేసవిలో పిల్లలకు వడదెబ్బ తగలకుండా తీసుకోవలసిన జాగ్రత్తల గురించి మాట్లాడుకుందాం. అందాకా సెలవు.